ఒకటో వేలు

అనకాపల్లి రైల్వే స్టేషను ఎదురుగా బోనెల అప్పలనరసమ్మ చెరకు రసం బండి నడిపేది. ఒకసారి పిండిన చెరకును మడిచి, మడతలో నిమ్మచెక్క, అల్లం ముక్క పెట్టి మళ్లీ మిషనులోకి తోస్తారు. మడత విచ్చుకోకుండా బొటనవేలు, చూపుడువేలు కలిపి అదిమి పట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం ఆ మడతతోపాటు నరసమ్మ కుడిచేతి వేళ్లు రెండూ రోలర్ల మధ్యకు వెళ్లాయి. భర్త పైడిరాజు పరుగెత్తుకొచ్చి మోటారు ఆపాడు. రోలర్లు వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశారు. బొటనవేలూ చూపుడువేలూ మొదలంటా పోయాయి. అరచేయి, మూడు వేళ్లు మిగిలాయి.

గాయం మానింది. పైడిరాజు ఆటో నడపడం మానేసి బండి దగ్గర నిలబడ్డాడు. నరసమ్మ గ్లాసులు కడిగేది. మడత పెట్టడం పైడిరాజుకు రాలేదు. నిమ్మచెక్క జారి రసం గిన్నెలో పడేది. రసం గింజలతో వస్తోందని స్టేషను కూలీలు పక్క బండికి వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో విశాఖపట్నం శివార్లలో, కొండ వెనక ఉన్న అంగవికాస పరిశోధనా కేంద్రం వేళ్లు పోయినవాళ్ల కోసం వెతుకుతోందని గాయానికి కట్టు కట్టిన డాక్టరు చెప్పాడు. అక్కడ ఎలుకలకు తెగిన వేళ్లు మళ్లీ మొలిచాయి. మనుషుల్లో ఇంకా ఎవరికీ చేయలేదు.

"మొదట నీకే సేస్తారంట. ఏటంటావు?" అన్నాడు పైడిరాజు.

"సేతికి ఉన్న మూడేళ్లూ పోవు గదా?"

"పోవంట."

"అయితే పద."

కేంద్రంలో ఈ పని మొదలుపెట్టిన మనిషి ప్రసూన. అందరూ డాక్టరుగారూ అంటారు గాని ఆమె వైద్యురాలు కాదు. ముప్పై ఏళ్లుగా ఈగలను చూస్తోంది. ఇళ్లల్లో ముగ్గిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలు. వాటిని సీసాల్లో పెంచుతుంది. మత్తు ఇచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి, కుంచెతో తిప్పి చూస్తుంది. చూసిన వాటిని నూనె సీసాలో పారేస్తుంది.

నరసమ్మ వచ్చిన రోజున ప్రసూన ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. తన ఒంట్లో ఏం పెట్టబోతున్నారో ఆమెకు తెలియాలని ప్రసూన పట్టు.

"ఇదేటి డాట్రమ్మా, దీని తల మీద కొమ్ములేటి?"

"కొమ్ములు కావు. కాళ్లు. మీసాలు రావలసిన చోట కాళ్లు వచ్చాయి."

"ఓలమ్మా. ఎవులెట్టారు?"

"నేనే."

"పాపం సేసినారు," అంది నరసమ్మ. కళ్లు మైక్రోస్కోపు మీదనుంచి తియ్యలేదు.

ప్రసూన నవ్వింది. "ఈగ గుడ్డులో ఉన్నప్పుడే దాని ఒంటిమీద పట్టీలు పడతాయి. చీర మీద చారలు ఉంటాయి చూడు, అలాగ. ఒక్కో పట్టీకి ఒక్కో అడ్రసు. ఇక్కడ తల, ఇక్కడ రెక్కలు, ఇక్కడ కాళ్లు. ఆ అడ్రసు రాసే జన్యువులు కొన్ని ఉన్నాయి. ఈ ఈగ తల దగ్గర నేను కాళ్ల అడ్రసు రాశాను. కాళ్లు వచ్చాయి."

"అక్కడ కాలుండకూడదని దానికి తెలీదా?"

"తెలీదు. ఏది రాసి ఉంటే అదే దానికి తెలిసింది."

"మనకీ ఉంటాయేటి ఇవి?"

"ఉంటాయి. చాలావరకు ఇవే. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీ చేతికి అయిదు వేళ్లూ అవే రాశాయి. రాసి, నిద్రపోయాయి. వేలు తెగినప్పుడు మళ్లీ లేవలేదు. మొండి మీద చర్మం మూసుకుంది. నా ద్రవం వాటిని లేపుతుంది. లేపి, అడ్రసు చెబుతుంది."

నరసమ్మ తల ఎత్తి తన మొండి చేతిని చూసుకుంది. "మరి నా బొటనేలి అడ్రసు మీకాడ ఉందా?"

"ఉంది. అయిదు వేళ్లవీ ఉన్నాయి."

ఒక్కో వేలికి ఒక్కో ద్రవం. అయిదు సీసాలు. ప్రసూన వాటి మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేసింది. మొండి మీద చర్మం తీసి, ద్రవం నింపిన తొడుగు బిగించే పని డాక్టర్ చక్రపాణిది. ఆయన చేతుల శస్త్రచికిత్సలో పేరున్నవాడు. గుంటూరు నుంచి వచ్చి కేంద్రంలో చేరాడు.

ఆపరేషనుకు ముందు ఇద్దరూ క్యాంటీనులో టీ తాగుతూ మాట్లాడుకున్నారు.

"వేళ్ల వరస ప్రకారమే కదా మేడం, సీసాల నంబర్లు?"

"వరస ప్రకారమే."

"సరే. పెట్టె మొత్తం పంపించండి, నాకు కావలసినవి నేను తీసుకుంటాను."

ప్రసూన పెట్టె పంపించి తన ఈగల గదిలోకి వెళ్లిపోయింది. ఆపరేషన్ గదిలో ఆమెకు పని లేదు. రక్తం చూసి తట్టుకోలేదు కూడా.

నరసమ్మ రెండు తొడుగులతో అనకాపల్లి తిరిగొచ్చింది. వీధిలో ఆడవాళ్లు చూడడానికి వచ్చారు. పక్కింటి సత్తెమ్మ ముందు వచ్చింది.

"ఏలు మొలిపించుకోడానికి ఈగల దగ్గరికెల్లినావంట?"

"ఈగల డాట్రమ్మ దగ్గరికి."

"బుద్ధి మొలిపించే మందుందేమో అడక్కపోయినావా? మా ఆయనకి పట్టిద్దుము."

"మొండైనా ఉండాలంట, మొలవడానికి," అంది నరసమ్మ. పైడిరాజు కూడా నవ్వాడు. వేళ్లు పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

వానలు పడే వేళకు తొడుగుల్లో దురద మొదలైంది. తర్వాత వేడి నీళ్ల గిన్నె దగ్గరకు చెయ్యి వెళితే వేడి తెలిసింది. నరసమ్మ చల్ల నీళ్లు, వేడి నీళ్లు పక్కపక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏది ఏదో చెప్పేది. కూతురు గిన్నెలు మార్చి పెట్టేది. నరసమ్మ తప్పు చెప్పలేదు. పడుకునేటప్పుడు ఆ చెయ్యి గుండె మీద పెట్టుకునేది. దాని మీదికి ఒత్తిగిలి పడుకున్నావని పైడిరాజు లేపితే, "నాకు తెలుస్తాది, నువ్వు పడుకో," అనేది.

కేంద్రంలో తొడుగులు విప్పి ఎక్స్‌రే తీశారు. చక్రపాణి ఫిల్మును దీపపు పలక మీద పెట్టి ప్రసూనను పిలిచాడు.

"పెరుగుదల బాగుంది. కానీ ఇది చూడండి."

బొటనవేలిలో రెండు ఎముకలు ఉంటాయి. మిగతా నాలుగు వేళ్లలో మూడేసి. బొటనవేలి చోట మొలిచిన దానిలో మూడు ఎముకలు కనబడుతున్నాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాయి.

ప్రసూన చాలాసేపు చూసింది. "డాక్టరుగారూ, బొటనవేలి మీద ఏ సీసా పెట్టారు?"

"ఒకటి."

"ఒకటి ఎందుకు పెట్టారు?"

"అదేమిటండీ? బొటనవేలు ఒకటో వేలు."

ప్రసూన, "మీ చెయ్యి చూపించండి. ఒకటి అని లెక్కపెట్టండి," అంది.

చక్రపాణి కుడిచెయ్యి ఎత్తాడు. "ఒకటి," అన్నాడు. ఆయన బొటనవేలు వెళ్లి చిటికెనవేలి అడుగు కణుపు మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇంట్లో అయితే ఇది," అన్నాడు. "కాలేజీలో అయితే అది."

శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాల్లో బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు. చక్రపాణి అవి చదువుకున్నాడు. ప్రసూన చదివినవి ఈగల పుస్తకాలు. ఈగలో తల వైపు పట్టీ ఒకటి. అందులో తేడా రావడానికి లేదు. చేతి దగ్గరకు వచ్చేసరికి ఆమె, నాయనమ్మ నేర్పినట్టు, చిటికెనవేలి కణుపు నుంచి మొదలుపెట్టింది. గర్భంలో వేళ్లకు సంకేతం బయలుదేరేది కూడా చిటికెనవేలి వైపు నుంచే. అందుచేత ఇంకో వరస ఉంటుందేమోనన్న అనుమానం ఆమెకు రాలేదు. ఎలుకల వేళ్లకు అంకెలు వేసిందీ ఆమే, ద్రవం పెట్టిందీ ఆమే. ఆ ప్రయోగాల్లో తేడా బయటపడలేదు.

నరసమ్మ బొటనవేలి చోట చిటికెనవేలు పెరుగుతోంది. చూపుడువేలి చోట ఉంగరపు వేలు పెరుగుతోంది.

"రెండోదాన్ని వదిలేయొచ్చు," అన్నాడు చక్రపాణి. "చూపుడువేలి పని ఉంగరపు వేలు చేస్తుంది. మొదటిది తీసేయాలి. ఇప్పుడే తీసేయాలి. నరాలు పూర్తిగా దిగాక తీస్తే మొండి మళ్లీ లేవకపోవచ్చు. తీసి, అయిదో సీసా పెడదాం."

"ఆమెకు ఏం చెబుదాం?"

"మొదటి విడత సరిగ్గా రాలేదని చెబుదాం. అబద్ధం కాదు కదా."

"అబద్ధం కాదు. నిజమూ కాదు."

చక్రపాణి ఫిల్మును పలక మీదనుంచి తీశాడు. "మేడం, ఆమె బొటనవేలు కోసం వచ్చింది. ఆమెకు బొటనవేలు ఇవ్వడం నా పని. మీరు తప్పు చెప్పుకుంటే మీకు బరువు దిగుతుంది. ఆ బరువు ఆమె మీద పడుతుంది. భయపడి ఆపరేషను వద్దంటే జీవితాంతం పట్టు లేని చేత్తో ఉంటుంది. అప్పుడు దానికి ఎవరు బాధ్యులు?"

ఆయన మాటలో అన్యాయం లేదని ప్రసూనకు తెలుసు. ఈగల గదికి వెళ్లింది. కాలు చోట తప్పు అడ్రసు రాసిన ఈగలను తయారు చేసింది. తప్పుగా మొలిచిన దాన్ని కోసి, సరైన అడ్రసు మళ్లీ రాసింది. ఫలితం కోసం చూసినన్ని రోజులూ నరసమ్మను ఆస్పత్రి గదిలోనే ఉంచారు. సగానికి పైగా ఈగలకు కాలు మొలిచింది. మిగతా వాటికి ఏమీ మొలవలేదు. చర్మం మూసుకుంది. మూడోసారి రాస్తే ఒక్కదానికీ మొలవలేదు.

చూసిన ఈగలను నూనె సీసాలో పారేసి, ప్రసూన నరసమ్మ గదికి వెళ్లింది. పైడిరాజు అక్కడే ఉన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. సీసాల మీద అంకెలు తానే వేశానని చెప్పింది. తానూ చక్రపాణీ ఒకరినొకరు అడిగి ఉండవలసిందని చెప్పింది.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. "లెక్క తెలీదేటి మీకు? ఇంత పెద్ద మేడ కట్టుకుని కూకున్నారు, అయిదేళ్లు లెక్కెట్టడం తెలీదా? మా గుంట ఒకటో తరగతి పిల్ల. దాన్నడిగినా సెప్పీసును!"

ప్రసూన తల వంచుకుంది.

"ఏ ఏలని సెప్తాది మన గుంట?" అంది నరసమ్మ.

"ఏటి?"

"ఒకటంటే ఏ ఏలు ముడుస్తాది?" నరసమ్మ ఎడమ చెయ్యి చూపి చిటికెనవేలు ముడిచింది. "ఇదే గదా. నాను నేర్పినాను. నన్నడిగినా ఇలాగే సెప్పుదును." ఆమెకు నవ్వొచ్చింది.

"నవ్వుతున్నావేటే? నీ సెయ్యది!"

"నా సెయ్యి గాబట్టే నవ్వుతున్నాను. నువ్వు కూకో." ఆమె ప్రసూన వైపు తిరిగింది. "డాట్రమ్మా, దీనికి తెలుసా, ఇది బొటనేలు కాదని?"

"తెలీదు. తను చిటికెనవేలినే అనుకుంటోంది."

నరసమ్మ కొత్త వేలును ఎడమ చేత్తో పట్టుకుంది. దానికి గోరు వచ్చింది. "తీస్తే నొప్పెడతాదా?"

"మత్తు ఇస్తారు. తర్వాత నొప్పి ఉంటుంది. అది ఒంట్లో కలిసిపోయింది."

"తీసినాక బొటనేలు తప్పకుండా వస్తాదా?"

"ఈగల్లో కొన్నిటికి రాలేదు. మనిషిలో నాకు తెలీదు. వస్తే పూర్తి బొటనవేలు వస్తుంది. రాకపోతే మళ్లీ మొండే. మూడోసారి లేదు."

"ఉంచుకుంటే?"

"అరచేతి కండ ఉంది కాబట్టి కదులుతుంది. బలం ఉండదు. బొటనవేలంత ఎప్పటికీ రాదు."

"నాను ఇంటికెల్లి రావాలి," అంది నరసమ్మ.

చక్రపాణి ఒప్పుకోలేదు. ఆలస్యమైన కొద్దీ అవకాశం తగ్గుతుందన్నాడు. నరసమ్మ విని, తలూపి, బస్సెక్కింది.

అనకాపల్లిలో ఆమె బండి దగ్గర నిలబడి, పిండిన చెరకు మడిచి, నిమ్మచెక్క పెట్టింది. మోటారు ఆపి ఉంది. కొత్త వేలు మడత మీద పెట్టి అదిమింది. మడత విచ్చుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ విచ్చుకుంది. నిమ్మచెక్క జారి రోడ్డు మీద పడింది. సత్తెమ్మ తీసి ఇచ్చింది, ఈసారి ఏమీ అనలేదు.

పాత పద్ధతి పనికిరాదని నరసమ్మకు అర్థమైంది. బొటనవేలు అదుముతుంది. దీనితో అదమడం కుదరదు. కానీ దీనికి ఒక కణుపు ఎక్కువ ఉంది. అది మడత చుట్టూ తిరిగి అవతలి వైపు వచ్చి కొక్కెంలా పడుతుంది. ఆమె అలా పట్టింది. కాసేపు నిలిచింది. వేలు వణికి వదిలేసింది. మర్నాటికి ఇంకొంచెం సేపు నిలిచింది. వేలి మొదట వాపు వచ్చింది. వాపు తగ్గాక మళ్లీ పట్టింది.

"మోటారెయ్యి," అంది ఒకరోజు.

"ఎయ్యను."

"ఎయ్యకపోతే నాకెలా తెలుస్తాది?"

"తెలియకపోతే మానీ," అన్నాడు పైడిరాజు. స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు. "నీకు తెలీదు. నువ్వు కళ్లు తిరిగి పడిపోయినావు. రోలర్లు ఎనక్కి తిప్పింది నాను."

నరసమ్మ మడత విప్పి చెరకు పిప్పిలో పారేసింది. ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

వాళ్లు మళ్లీ విశాఖపట్నం వెళ్లేసరికి ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది. చక్రపాణి ఆమె చెయ్యి తిప్పి చూశాడు. ఇక ఆలస్యం చేస్తే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"అమ్మా, నిజం చెబుతున్నాను. దీనితో సీసా మూత తియ్యలేవు. నీళ్ల బకెట్టు ఎత్తలేవు. నీకు ఇంకా ముప్పై, నలభై ఏళ్ల పని ఉంది. నాకొక అవకాశం ఇవ్వు."

"బకెట్టు ఎడం సేత్తో ఎత్తుతాను బాబూ."

"ఎందుకు వద్దంటున్నావు? భయమా?"

"భయమే. అదొక్కటే కాదు." నరసమ్మ ప్రసూన వైపు చూసింది. ప్రసూన గోడ దగ్గర నిలబడి ఉంది. "ఆ రెండేళ్లూ మిషను నన్నడక్కుండా అట్టుకుపోయింది. ఇప్పుడు మీరు అడుగుతున్నారు. అడక్కుండా తీసీసుంటే నాకు తెలిసేది కాదు, ఊరుకుందును. అడిగినారు గాబట్టి సెప్తున్నాను. ఒద్దు."

చక్రపాణి ఆమె చెయ్యి వదిలాడు. ఇంకోసారి అడగలేదు. బల్ల మీద పరిచిన పరికరాలను నర్సు మళ్లీ పెట్టెలో సర్దింది.

కేంద్రం పంపిన నివేదికలో ఈ ప్రయోగం విఫలమైందని ఉంది. విఫలమైన కారణం దగ్గర ప్రసూన తన పేరు వేసింది. మిగిలిన సీసాల మీద అంకెలు తుడిచేసి వేళ్ల పేర్లు రాసింది. తర్వాతి మనిషిని ఎప్పుడు తీసుకోవాలో పైవాళ్లు ఇంకా చెప్పలేదు. ఆమె ఈగల పని సాగుతోంది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆమె రైల్లో అనకాపల్లి వెళ్లింది. చేతి కదలిక పరీక్షించాలి. దానికి నరసమ్మ విశాఖ రావలసింది. బండి వదిలి రాలేనని కబురు పంపింది.

పైడిరాజు ప్రసూనను చూశాడు. పలకరించలేదు. బండి వెనకనుంచి స్టూలు తెచ్చి వేశాడు. మళ్లీ వెళ్లి మోటారు పక్కన నిలబడ్డాడు. రైలు దిగిన జనం బండి ముందు ఉన్నారు. వాళ్లలో ఒకడు నరసమ్మ చెయ్యి చూసి, "ఇదేటప్పా, నీ ఏలు తిరగబడి ఉంది?" అన్నాడు.

"నా ఏలు సరిగ్గానే ఉంది. నువ్వు గ్లాసు సరిగ్గా అట్టుకో."

జనం నవ్వారు. నరసమ్మ చెరకు మడిచింది. నిమ్మచెక్క, అల్లం పెట్టింది. కొత్త వేలు మడత చుట్టూ తిప్పి పట్టింది. మోటారు తిరుగుతోంది. ఆమె మడతను రోలర్ల నోటికి అందించి, పట్టు వదిలి, చెయ్యి వెనక్కి తీసుకుంది. రసం గిన్నెలోకి దిగింది. గింజ ఒక్కటీ రాలేదు. ఆమె ఇంకో చెరకు తీసుకుంది.

ప్రసూన కొలతలు తీసుకోవడం మరచిపోయి పైడిరాజునే చూస్తోంది. అతని కుడిచెయ్యి స్విచ్చి మీద ఉంది. మడత లోపలికి వెళ్లిన ప్రతిసారీ అతని మోచెయ్యి బిగుసుకుంటోంది. నరసమ్మ చెయ్యి బయటికి వచ్చాక వదులవుతోంది. ఎవరో డబ్బులిస్తే ఎడం చేత్తో తీసుకున్నాడు. బీడీ ఎడం చేత్తో వెలిగించుకున్నాడు.

సాయంకాలం బండి కట్టేసేదాకా ఆ చెయ్యి స్విచ్చి మీదనుంచి తియ్యలేదు.